అనుమతి లేనిదే వాడరాదు

నూజివీడు బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే శేషగిరిరావుకు రెండింటి మీద ప్రాణం. ఒకటి ఆ కొట్టు. రెండోది జ్ఞానవాణి పుస్తక భాండాగారం. కొట్టు తండ్రి ఇచ్చి పోయాడు. భాండాగారం కార్యదర్శి పదవి మాత్రం తనే సంపాదించుకున్నాడు. అంటే, ఆ పదవి కావాలని ఇంకెవరూ అడగలేదు.

రెండు గదుల మేడ అది. కింద గదిలో కుర్రాళ్ళు పోటీ పరీక్షలకు చదువుకుంటారు, పెద్దవాళ్ళు ఫ్యాను కింద పేపరు చూస్తూ కునుకు తీస్తారు. పై గదిలో ఒక ఇనప్పెట్టె ఉంది. ఒకప్పుడు ఊళ్ళో స్టూడియో నడిపిన ఫోటోగ్రాఫరు పోయేముందు, వెనక ఎవరూ లేకపోవడంతో, తన పాత ఫోటోలూ నెగటివులూ అన్నీ అందులో సర్ది భాండాగారానికి అప్పగించాడు. పెళ్ళిళ్ళు, తిరనాళ్ళు, మామిడికాయల బళ్ళు, పళ్ళ పోటీలు, కొత్త సైకిలు పక్కన బిగుసుకుని నిలబడ్డ మగవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ పెట్టెను తెరిచినవాళ్ళు లేరు. దాని మీద కూలర్ పెట్టుకున్నారు.

హైదరాబాదులో ఒక ట్రస్టు వాళ్ళు, పాత ఫోటోలను కంప్యూటర్లోకి ఎక్కించి జనానికి చూపించే లైబ్రరీలకు సాయం చేస్తామని ముందుకు రావడంతో కూలర్ పక్కకు జరిగింది. స్కానర్ వచ్చింది. దాంతోపాటు సింధు వచ్చింది. ముసునూరు అమ్మాయి, లైబ్రరీ సైన్సు చదివింది, విజయవాడలో ఒక కాలేజీలో కొన్నాళ్ళు పనిచేసి ఇంటికి దగ్గరగా ఉంటుందని ఈ పనిలో చేరింది. ఒక్కో నెగటివునూ పసిబిడ్డకు స్నానం చేయించినట్టు తుడిచి, స్కాన్ చేసి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలిసినంత వరకు రాసి పెట్టింది. వెబ్‌సైటు తయారైంది. ఇక తలుపులు తెరవడమే మిగిలింది అనుకుంటుండగా శేషగిరిరావుకు గుండెలో రాయి పడింది.

"అందరూ చూడొచ్చు, బానే ఉంది. దింపుకోవడం దేనికమ్మాయ్?" అన్నాడు.

"చూడటానికి పెట్టాక వాడుకోనివ్వాలి కదండీ. పిల్లలు స్కూల్ ప్రాజెక్టుల్లో పెట్టుకుంటారు. పేపరోళ్ళు వేసుకుంటారు. ఎవరికన్నా వాళ్ళ తాత కనపడితే ప్రింటు తీసి గోడకి తగిలించుకుంటారు."

"కొట్లో గిన్నె అందరికీ చూపిస్తాం. చూశారు కదా అని సంచిలో వేసుకుపోనిస్తామా?"

"గిన్నె పట్టుకుపోతే మీకు గిన్నె ఉండదండీ. ఫోటో పట్టుకుపోతే మీ ఫోటో మీ దగ్గరే ఉంటుంది."

శేషగిరిరావు కాసేపు ఆలోచించాడు. ఇందులో ఎక్కడో మోసం ఉందనిపించింది గానీ ఎక్కడుందో దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

చివరకు ఆయన మాటే నెగ్గింది. ప్రతి ఫోటో మీదా ఏటవాలుగా ఎర్రటి అక్షరాలు పడ్డాయి: 'జ్ఞానవాణి పుస్తక భాండాగారం, నూజివీడు. అనుమతి లేనిదే వాడరాదు.' సింధు మొదట వాటిని ఒక మూలన చిన్నగా పెట్టి చూపించింది. "మూలన పెడితే కత్తిరించి పారేస్తారు" అని మధ్యకు తెప్పించాడు. మధ్యన పెట్టాక "కళ్ళజోడు లేకపోతే కనపడట్లేదు" అని పెద్దవి చేయించాడు. అనుమతి ఎలా అడగాలో తెలియాలి కాబట్టి కింద తన సెల్ నంబరు కూడా వేయించాడు.

"అక్షరాలు మొహాల మీద పడుతున్నాయండీ" అంది సింధు.

"పడనీ. దొంగకి భయం ఉండాలి."

అనుమతికి నిబంధనలు కూడా తనే కూర్చుని రాశాడు. స్వయంగా రావాలి. మంగళవారం నాడు పది నుంచి పన్నెండు లోపల రావాలి. ఆధార్ కాపీ తేవాలి. ఏ ఫోటో, ఎందుకోసం అన్నది రాసి సంతకం పెట్టాలి. వీటిని వెబ్‌సైటులో పెట్టించి, గోడకు కూడా అతికించి, కొట్లోంచి తెచ్చిన కొత్త స్టీలు కుర్చీ ఒకటి దరఖాస్తుదారు కోసం వేయించాడు.

ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఒకసారి మాత్రం విశాఖపట్నం నుంచి రీసెర్చి చేసుకునే అమ్మాయి ఒకతె వచ్చింది. ఆరోజు బుధవారం. శేషగిరిరావు ఆమెకు గుమ్మం దగ్గరే మజ్జిగ ఇప్పించి, రానూపోనూ బస్సుల వేళలు చెప్పి, వచ్చే మంగళవారం రమ్మని పంపించాడు. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. అది ఆయన మనసులో చిన్న ముల్లులా ఉండిపోయింది గానీ, నిబంధన నిబంధనే అని సర్దిచెప్పుకున్నాడు.

మామిడిపళ్ళు జోరుగా దిగుతున్న రోజుల్లో, కొట్లో ఉండగా ఆయనకు ఫోన్ వచ్చింది.

"అనుమతి మామిడిపళ్ళేనాండీ?" అని ఒక ఆడగొంతు.

"రాంగ్ నంబరమ్మా" అని పెట్టేశాడు.

మధ్యాహ్నం ఇంకొకావిడ చేసింది. "మీరు పంపిన రసాల్లో రెండు తొడిమ దగ్గర నల్లబడ్డాయండీ" అంది.

తన నంబరు ఈమెకు ఎలా తెలిసింది అని అడగాల్సింది. కానీ శేషగిరిరావు పుట్టింది వ్యాపారం చేసే ఇంట్లో. ఎదుటివాళ్ళు సరుకు బాలేదంటే ఆయన నోరు తనంతట తానే పనిచేస్తుంది. "అది సొన అమ్మా, కాయ కోసినప్పుడు కారి మచ్చ పడుద్ది. పండుకేం కాదు. కడిగి తుడిచి, ఒక్కరోజు గాలికి పెట్టండి" అని చెప్పి, ఆవిడ సంతోషించాక, ఫోన్ పెట్టేశాక, అప్పుడు తెల్లబోయాడు.

మర్నాటికి ఫోన్లు పెరిగాయి. అన్నీ హైదరాబాదు నుంచే. రెండు పెట్టెలు కావాలనేవాళ్ళు, పెట్టె ఇంకా రాలేదనేవాళ్ళు, చిన్నరసాలకూ పెద్దరసాలకూ తేడా ఏంటనేవాళ్ళు. ఆయన విసుక్కుని ఇంటి దగ్గర ఫోన్ వదిలేసి వస్తే భార్య రాధ ఎత్తింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ ఎవరికో పెద్దరసాలతో మామిడి తాండ్ర ఎలా పోయాలో చెబుతోంది.

"ఎవరే?"

"కూకట్‌పల్లిలో ఉంటారంటండీ. మంచి మనిషి. వాళ్ళమ్మగారిది తిరువూరంట."

శేషగిరిరావు ఫోన్ లాక్కున్నాడు. "అమ్మా, మా నంబరు మీకెవరిచ్చారు?"

"పెట్టె మీదే ఉంది కదండీ. పాప బొమ్మ కింద."

"ఏ పాప? ఆ పెట్టె ఫోటో తీసి పంపండి తల్లీ, మీకు పుణ్యముంటుంది."

వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. పసుపు పచ్చ అట్టపెట్టె. దాని మీద నలుపు తెలుపు బొమ్మ. మామిడిపళ్ళ రాశి పక్కన, గౌను వేసుకున్న ఆరేళ్ళ పిల్ల. ఎవరి మీదో తెలియదు గానీ, ఒళ్ళంతా కోపంగా, పెదవులు బిగించి నిలబడింది. గడ్డం కింద నుంచి, మెళ్ళో పలక కట్టినట్టు, ఎర్రటి అక్షరాలు: అనుమతి లేనిదే వాడరాదు. కింద శేషగిరిరావు సెల్ నంబరు. భాండాగారం పేరున్న ముక్క మటుకు కత్తిరింపులో పోయింది.

పందొమ్మిది వందల యాభై ఆరులో నూజివీడులో జరిగిన పళ్ళ పోటీలో తీసిన ఫోటో అది. భాండాగారం వెబ్‌సైటులో ఉన్నది. ఆయన రాత్రి భోజనం సగంలో లేచిపోయాడు.

పెట్టె ఎవరిదో కనుక్కోవడం కష్టం కాలేదు. చాట్రాయి దగ్గర తోటలున్న బసవపున్నారావు ఈ ఏడు మండీకి వేయడం మానేసి, హైదరాబాదులో అపార్టుమెంట్లకు నేరుగా పెట్టెలు పంపుతున్నాడు. పొద్దున్నే సింధు స్కూటీ వెనక కూర్చుని, బజారులో దొరికిన ఖాళీ పెట్టెను సాక్ష్యంగా ఒళ్ళో పెట్టుకుని శేషగిరిరావు చాట్రాయి బయల్దేరాడు. దారిలో తెలిసినవాళ్ళు ఇద్దరు "పళ్ళ వ్యాపారంలోకి దిగారా శేషగిరిరావుగారూ?" అని పలకరించారు.

బసవపున్నారావు తోటలో పాకలో ఉన్నాడు. యాభై దాటిన మనిషి, నిలువెత్తు. చుట్టూ గడ్డి పరుపుల మీద కాయలు. ఆడవాళ్ళు ఏరి పెట్టెల్లో సర్దుతున్నారు. వీళ్ళను చూడగానే మంచం వాల్పించి, ముందు పళ్ళు కోయించాడు.

"పళ్ళు తర్వాత. ఇదేంటండీ?" అని శేషగిరిరావు పెట్టె చూపించాడు.

"మా పెట్టేనండి."

"ఫోటో మాది."

"అయ్యుండొచ్చండి. గూగుల్లో 'నూజివీడు మామిడి పాత ఫోటో' అని కొడితే వచ్చింది. పెట్టెల డిజైను చేసే కుర్రాడు చూసి, ఇదే వెయ్యాలి అన్నాడు."

"దాని మీద ఏం రాసుందో చదివారా?"

"చదివానండి. అనుమతి లేనిదే వాడరాదు. ఎంత బాగా రాశారండి! ఆ పిల్ల మొహానికీ ఆ మాటకీ సరిగ్గా సరిపోయింది. పిల్లే అంటున్నట్టుగా ఉంది. హైదరాబాదులో అదే పేరైపోయింది. అనుమతి పళ్ళు కావాలి అని అడుగుతున్నారు. కార్బైడ్ వెయ్యని పళ్ళంటే ఇవేనంట. అంత గట్టిగా రాసినోడు కల్తీ చెయ్యడు అని వాళ్ళ నమ్మకం."

"అది మీ పళ్ళ గురించి రాసింది కాదయ్యా! ఫోటో గురించి! మీలాంటోళ్ళు వాడకూడదనే రాసింది!"

బసవపున్నారావు పెట్టె వైపు, శేషగిరిరావు వైపు మార్చి మార్చి చూశాడు. నిజంగానే ఇప్పటిదాకా ఆ సంగతి అతనికి తట్టలేదని మొహంలో తెలుస్తోంది. "అట్టాగా!" అన్నాడు. "నిజం చెప్పాలంటే ఆ అక్షరాలు తీసేద్దామనే మా కుర్రాడు చూశాడండి. ఆ రాతతో పాటు పాప గడ్డం కూడా పోతంది. గడ్డం లేకుండా బాగోదని ఉంచేశాం."

సింధు నవ్వు ఆపుకోవడానికి పండు ముక్క నోట్లో పెట్టుకుంది.

"నా నంబరైనా తీసెయ్యాలిగా?"

"మీ నంబరా అది! నేను కుర్రాడి నంబరు అనుకున్నానండి. మా కస్టమర్లంతా మీరు చాలా ఓపిగ్గా మాట్లాడుతున్నారని మెచ్చుకుంటున్నారు. నాకు అర్థంకాలా. మా కుర్రాడికి అంత ఓపిక లేదే అని."

శేషగిరిరావు కోపంతోనే నాలుగు ముక్కలు తిన్నాడు. పండు బాగుండటం ఆయన కోపాన్ని ఇంకా పెంచింది.

తిరిగి రాగానే నేరుగా లాయరు కిషోర్ బాబు ఆఫీసుకు వెళ్ళి నోటీసు ఇమ్మన్నాడు. కిషోర్ బాబు చిన్నప్పుడు జ్ఞానవాణిలోనే చదువుకున్నవాడు. కాగితం తీసుకుని, "ఫోటో ఎప్పుడు తీశారు?" అన్నాడు.

"యాభై ఆరులో."

కిషోర్ బాబు పెన్ను కింద పెట్టాడు. "అంత పాత ఫోటోకి హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది బాబాయ్‌గారూ. నోటీసు ఇవ్వలేం."

"గడువు తీరితే? ఇప్పుడా ఫోటో ఎవరిది?"

"అందరిదీ."

"అందరిదీ అంటే చాట్రాయి బసవపున్నారావుది కూడానా?"

"ఆయనది కూడా. మీదీ. నాదీ. కింద టీ కొట్టోడిదీ."

"మరి పెట్టె మా దగ్గరుంది కదయ్యా!"

"పెట్టె మీదే. లోపలున్న కాగితమూ మీదే. దాని మీద బొమ్మ మటుకు మీది కాదు. కావాలంటే, ఫోటో ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పండి అని మర్యాదగా అడగొచ్చు. వాడొద్దు అనడానికి మనకి హక్కు లేదు."

శేషగిరిరావు మెట్లు దిగి బజారులో నిలబడ్డాడు. ఎండ మండిపోతోంది. కొట్టు వైపు పోవాలో భాండాగారం వైపు పోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ తనది కాని ఇంటికి తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకు తిరిగినట్టనిపించింది ఆయనకు. కింద స్కూటీ దగ్గర ఆగిన సింధుకు కిషోర్ బాబు అన్నమాట చెప్పాడు. 'నేను ముందే చెప్పాను' అని ఆ అమ్మాయి అనకపోవడం, అనడం కన్నా కష్టంగా ఉంది.

ఆ తర్వాతి మంగళవారం, పది కాగానే, భాండాగారం ముందు ఒక కారు ఆగింది. డెబ్భై అయిదేళ్ళ ఆవిడ దిగింది. జరీ అంచు నేత చీర, చేతిలో ఊతకర్ర. ఊతకర్ర నడవడానికి కన్నా చూపించడానికే ఎక్కువ వాడుతోంది. డ్రైవరు వెనకాలే పసుపు పచ్చ అట్టపెట్టె మోసుకొచ్చాడు.

"ఇక్కడ శేషగిరిరావు అంటే ఎవరు?"

"నేనేనండి. కూర్చోండమ్మా."

ఆవిడ దరఖాస్తుదారు కుర్చీలో కూర్చుంది. మొదటిసారి ఆ కుర్చీకి పని పడింది. "నా పేరు ప్రమీలారాణి. చింతలపూడిలో ఉంటాం. పామాయిల్ తోటలు మావి. హైదరాబాదు నుంచి మా ఆడపడుచు కూతురు ఈ పెట్టె పంపించింది, 'అత్తా, ఈ పిల్ల అచ్చం నీలా కోపంగా ఉంది' అని. నాలా ఉండటం ఏంటి? నేనే!"

శేషగిరిరావు పెట్టె మీద పిల్లను, ఎదురుగా ఆవిడను చూశాడు. అనుమానం లేదు. ఆ పెదవులు బిగించడం అలాగే ఉంది.

"నా ఒంటి మీద 'వాడరాదు' అని రాసిందెవరు?" అంది ప్రమీలారాణి. "మా అత్తగారు కూడా నన్ను ఇంత మాట అనలేదు. రంగు వెలిసిన డబ్బా మీద రాసినట్టు రాస్తారా మనిషి మీద?"

"అది ఫోటో గురించమ్మా, మీ గురించి కాదు. ఎవరూ అనుమతి లేకుండా..."

"ఆ! అనుమతి! దాని గురించే అడుగుదామని వచ్చా. నా ఫోటో ఊరందరికీ చూపించడానికి మీకు ఎవరిచ్చారు?"

శేషగిరిరావు ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు. సింధు వైపు చూశాడు. సింధు స్కానర్ వైపు చూసింది.

"మీరెవరో మాకు తెలియదమ్మా" అన్నాడు చివరకు.

"తెలుసుకోడానికి ప్రయత్నం చేశారా?"

"లేదండి."

"సరే. నాకు నా ఫోటో కావాలి. అక్షరాలు లేకుండా. పెట్టె మీది నంబరుకి చేస్తే మీ ఆవిడ ఈ చోటు చెప్పింది, మీ నిబంధనలు ఫోన్లో చదివే వచ్చా." సంచి తెరిచి ఆవిడ ఆధార్ కాపీ బల్ల మీద పెట్టింది. గోడ మీద కాగితం వైపు ఊతకర్ర చూపించింది. "ఎందుకోసమో కూడా రాయాలంట కదా? రాసుకో. చూసుకోవడానికి."

శేషగిరిరావు చెవులు ఎర్రబడ్డాయి. "అవేం అక్కర్లేదమ్మా" అని ఆధార్ కాపీని రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. "సింధూ, అసలు ఫోటో చూపించు అమ్మగారికి."

సింధు కుర్చీని కంప్యూటర్ ముందుకు జరిపి, అక్షరాలు లేని స్కాన్ తెరిచింది. తెర నిండా ఫోటో వచ్చింది. పళ్ళ రాశి, పిల్ల, వెనక పందిరి గుంజలు. ప్రమీలారాణి కళ్ళజోడు సర్దుకుని తన మొహం చూసుకుంది. "ఎంత పొగరో చూడు" అంది మెచ్చుకోలుగా.

"ఎందుకండీ అంత కోపంగా ఉన్నారు?" అడిగింది సింధు.

"గుర్తులేదమ్మా. చిన్నప్పటి కోపాలన్నీ గుర్తుంటాయా? వెనక ఎవరు ఆ మనిషి?"

రాశికి అవతల, ఎడమ పక్కన, కొంచెం వంగి ఒక ఆడమనిషి ఉంది. వెబ్‌సైటులోనూ, పెట్టె మీదా 'అనుమతి' అన్న మాట సరిగ్గా ఆవిడ మీద పడింది.

"తెలియదండీ. స్కాన్ చేసినప్పుడు చూశాను. పెద్దది చేస్తాను" అని సింధు అక్కడికి దగ్గరగా తీసుకెళ్ళింది.

పాతికేళ్ళ యువతి. ముక్కుకు రెండు పక్కలా బేసరులు. కొంగు భుజం మీద నిండుగా కప్పుకుని ఉంది. కానీ మోచేతి దాకా రసం కారుతోంది, చేతిలో సగం తిన్న పండు ఉంది, బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. ఫోటో తీస్తున్నది పిల్లనే కదా, తన వైపు ఎవరూ చూడరులే అని ధీమాగా తింటోంది. పోటీకి పెట్టిన పండును.

ప్రమీలారాణి ఊతకర్ర కింద పడింది.

"అమ్మ" అంది.

ఆవిడ తెర మీద వేలు పెట్టి, వెంటనే తీసేసి, మళ్ళీ పెట్టింది.

"మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటే ఉంది. పోయాక ఎవరి చేతో గీయించి రంగులద్దించింది. అమ్మవారిలా కూర్చోబెట్టారు. నవ్వదు, కదలదు. నాకు పదేళ్ళొచ్చేసరికి పోయింది. దాన్ని చూసీ చూసీ, అమ్మంటే అంత గంభీరమైన మనిషి అనుకుంటూ ఉండిపోయా." అంటూనే ఆవిడకు నవ్వు మొదలైంది. లోపలి నుంచి, భుజాలు కదిలిపోయేలా. "ఇప్పుడు గుర్తొచ్చింది! నన్ను ముట్టుకోవద్దంది! పోటీ పళ్ళు, ముట్టుకుంటే చెయ్యి విరుస్తా అంది! అటు తిరిగితే తనే తింటోంది! అదీ నా కోపం!"

నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. సింధు కూడా తుడుచుకుంది. శేషగిరిరావు కిటికీ దగ్గరకు వెళ్ళి బయట కారును చాలా శ్రద్ధగా చూశాడు.

కాసేపటికి వెనక్కు వచ్చి, "అమ్మాయ్, ఆ అక్షరాలు తీసెయ్" అన్నాడు.

"ఈ ఫోటోకాండీ?"

"అన్నిటికీ." అని ఒక్కక్షణం ఆగి, "కింద చిన్నగా మన పేరు మటుకు ఉంచుదాం. ఫలానా చోట దొరికింది అని. వాడుకునేవాళ్ళు వాడుకోనీ" అన్నాడు. ఇంకా కొంచెం ఆగి, "మరీ చిన్నగా వద్దు" అన్నాడు.

వారం తిరక్కుండా ఒక ఆదివారం పూట ప్రమీలారాణి బసవపున్నారావును భాండాగారానికి పిలిపించింది. అతను కొత్త చొక్కా వేసుకుని, పెద్దరసాల పెట్టె పట్టుకుని, సంబంధం మాట్లాడటానికి వచ్చినవాడిలా కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అప్పటికే సింధు ఆవిడకు విషయం వివరించింది: ఫోటో పాతది, ఎవరైనా వాడుకోవచ్చు, కానీ తన మొహంతో సరుకు అమ్మడం ఇష్టం లేకపోతే చెప్పే హక్కు ఆవిడకు ఉంటుంది, మనిషిని అడగడం మర్యాద కూడా.

"ఇష్టం లేదని అన్లేదే" అంది ప్రమీలారాణి. ముందు పండు పిసికి, వాసన చూసి, తొడిమ తీసి రసం పీల్చింది. అందరూ ఆవిడ మొహం వైపే చూశారు. "పర్వాలేదు. నా బొమ్మ ఉంచుకో. అమ్మ కూడా కనపడాలి. నా ఒంటి మీద రాత తీసెయ్. పుల్లటి కాయ ఒక్కటి వెళ్ళిందని తెలిస్తే మటుకు కారేసుకుని చాట్రాయి వస్తా."

"అమ్మా, రాత తీసేస్తే హైదరాబాదోళ్ళు డూప్లికేటు అనుకుంటారండి" అన్నాడు బసవపున్నారావు దీనంగా.

అక్కడ పెద్ద వాదన జరిగింది. రాత వద్దని ఆవిడ, కావాలని అతను. ఆ రాత రాయించిన శేషగిరిరావు ఎటూ చెప్పలేక ఇద్దరికీ మజ్జిగ తెప్పించాడు. చివరకు రాత పెట్టె అడుగు అంచుకు దిగింది. నంబరు బసవపున్నారావుది పడింది. ఆ పక్కనే ఫోటో జ్ఞానవాణిలోదన్న మాట కూడా చేరింది. కొత్త పెట్టెలు వెళ్ళాక శేషగిరిరావు ఫోన్ నెమ్మదించింది. రాధకు మాత్రం తోచడం లేదు. కూకట్‌పల్లి ఆవిడ ఒక్కతే ఇప్పటికీ చేస్తుంది, పళ్ళ కోసం కాదు, కబుర్ల కోసం.

వెబ్‌సైటులో మొహాలు కనపడటం మొదలయ్యాక జనం రావడం మొదలైంది. వీడు మా పెదనాన్న, ఆ ఎద్దు మాది, ఆ పెళ్ళి ముసునూరులో కాదు అని చెప్పడానికి. ఒక ఎద్దు విషయంలో రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. కొందరు తమ ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లోంచి ఫోటోలు తెచ్చి, ఇవి కూడా ఎక్కించమని అడగసాగారు. శేషగిరిరావు కొట్టును రాధకు వదిలేసి, పూటంతా ఇక్కడే ఉంటున్నాడు. పట్టుకొచ్చిందల్లా లోకానికి చూపించాలని ఇప్పుడాయనకు ఒకటే ఆత్రం.

ఒకరోజు సవరమ్మ వచ్చింది. సీజన్లో తోటల్లో కాయలు ఏరే పనికి పోతుంది, మిగతా రోజుల్లో కూరగాయలు అమ్ముతుంది. కొంగులో చుట్టి తెచ్చిన ఫోటో బల్ల మీద పరిచింది. వాళ్ళ నాన్న, ఇద్దరు కూతుళ్ళు, ఒక అల్లుడు. నలుగురూ ఒక కొత్త ట్రాన్సిస్టర్ చుట్టూ నిలబడ్డారు. ఎలకలు ఒక మూల కొరికాయి.

సింధు జాగ్రత్తగా స్కాన్ చేసింది. తెర మీద నాన్న మొహం వెలిగేసరికి సవరమ్మ బల్ల పట్టుకుని నిలబడిపోయింది.

"ఎంత బాగుంది! ఇవాళే పెట్టేద్దాం" అన్నాడు శేషగిరిరావు. అని, నాలుక కరుచుకుని, "పెట్టమంటావా సవరమ్మా? అందరూ చూస్తారు, కావలసినోళ్ళు దింపుకుంటారు" అన్నాడు.

"వద్దండి" అంది సవరమ్మ.

"వద్దా! ఎందుకు?"

"మా అక్క మొగుడున్నాడు కదండి అందులో. దాన్నొదిలేసి ఇంకోదాంతో పోయాడు. మా అక్క మనవడు ఫోన్లో ఇయ్యన్నీ చూపిత్తుంటాడు. ఆయన మొహం కనపడిందంటే ఫోన్ పగలగొడుద్ది."

"ఆయన్ని కత్తిరించి పెడితే?" అన్నాడు శేషగిరిరావు సింధుతో, ఆశగా.

"కత్తిరించకూడదండీ. ఫోటో ఎట్టా ఉంటే అట్టాగే ఉంచాలి. ఆవిడ వద్దంటే మన దగ్గరే దాచుదాం. పాడవకుండా ఉంటుంది. ఎవరికీ కనపడదు."

"మరి నాకో?" అంది సవరమ్మ.

"నీకెప్పుడు కావాలంటే అప్పుడు చూపిస్తాం. ఒక ప్రింటు కూడా ఇస్తాం."

"ఏ వారం రమ్మంటారండి?"

శేషగిరిరావు లేచి, గోడ మీది నిబంధనల కాగితం ఒక అంచు పట్టుకుని లాగాడు. జిగురు గట్టిగా అంటుకుని సున్నంతో సహా ఊడి వచ్చింది. "ఏ వారమైనా" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

సవరమ్మ మాత్రం అప్పుడే వెళ్ళలేదు. కుర్చీలో కూర్చుని, "ఇంకొంచెం పెద్దది చెయ్యమ్మా. బావని కాదు. మా నాన్నని" అంది. సింధు పెద్దది చేసింది. ట్రాన్సిస్టర్ మీద ఆయన చెయ్యి, వేలికి రాగి ఉంగరం కనపడ్డాయి. సవరమ్మ కూరగాయల బుట్ట గుమ్మం దగ్గరే ఉంది. కొత్తిమీర వాడిపోతుందేమోనని శేషగిరిరావు దాన్ని తెచ్చి ఫ్యాను కింద పెట్టాడు.